క్రోషే సూదిని పట్టుకునే తీరులు

క్రోషేలో పనిముట్టు ఒక్కటే: కొనకు కొక్కెం ఉన్న సూది. దానితో దారాన్ని లూపుగా లాగి, ఆ లూపులోంచి మరో లూపును తీస్తూ పోతే బట్ట తయారవుతుంది. స్వెట్టరు అల్లేటప్పుడు పదుల కొద్దీ లూపులు సూదుల మీద నిలిచి ఉంటాయి. క్రోషేలో మాత్రం ఒక కుట్టు పూర్తయ్యేసరికి సూది మీద సాధారణంగా ఒక్క లూపే మిగులుతుంది. అందుకే ఇక్కడ సూది పని మోయడం కాదు, కదలడం. ప్రతి కుట్టులోనూ అది లోపలికి దూరాలి, దారాన్ని అందుకోవాలి, కాస్త తిరగాలి, వెనక్కి రావాలి. ఈ కదలికలు వేళ్ల నుంచి వస్తాయా, మణికట్టు నుంచా, మోచేతి నుంచా అన్నది సూదిని పట్టుకున్న తీరును బట్టి ఉంటుంది.

ఎక్కువగా కనిపించే పద్ధతులు రెండు. రాసేటప్పుడు పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోవడం కలం పట్టు. చాకు పిడిని అరచేతి కింద ఉంచి, చూపుడువేలు పైన చాపి పట్టుకున్నట్టు పట్టుకోవడం కత్తి పట్టు. నేర్పేవాళ్లలో చాలామంది తమకు అలవాటైనదాన్నే సరైన పద్ధతిగా చెబుతారు. పుస్తకాలు కూడా చాలాకాలం ఒకే బొమ్మ వేసి ఊరుకున్నాయి. నిజానికి ఒకే పట్టుకు కట్టుబడమని శాసించే కారణమేదీ ఈ అల్లికలో లేదు. సన్నని నూలుకు ఒకటి, లావుపాటి ఊలుకు మరొకటి హాయిగా ఉండవచ్చు. ఒకే మనిషి పొద్దున ఒక తీరున, సాయంత్రం మరో తీరున పట్టుకున్నా కుట్టు మారాల్సిన అవసరం లేదు.

సూది భాగాలు

పట్టు గురించి మాట్లాడాలంటే సూదిని కాస్త దగ్గరగా చూడాలి. కొనన ఉన్నది తల. తలకు కింద దారం ఇరుక్కునే గాడి మెడ. ఆ తర్వాత వచ్చేది కాడ. అల్లే లూపు సైజును నిర్ణయించేది ఈ కాడ మందమే. కాడ మధ్యలో చాలా సూదులకు నొక్కినట్టు చదునైన చోటు ఒకటి ఉంటుంది. బొటనవేలు అక్కడ ఆనుతుంది, సూది సైజు కూడా సాధారణంగా అక్కడే అచ్చు వేసి ఉంటుంది. దాని వెనక ఉన్నదంతా పిడి. మామూలు సూది పొడవు 13 నుంచి 15 సెంటీమీటర్లు. నూలు లేసుకు వాడే ఉక్కు సూదుల మందం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ నుంచి మొదలై సుమారు 3.5 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఊలుకు వాడే అల్యూమినియం, వెదురు, ప్లాస్టిక్ సూదులు రెండు మిల్లీమీటర్ల దగ్గర మొదలై పది దాటి కూడా పోతాయి.

తల ఆకారంలో రెండు సంప్రదాయాలున్నాయి. అమెరికాలో సూసన్ బేట్స్ కంపెనీ సూదుల్లో తల, కాడ ఒకే వరుసలో ఉంటాయి. గాడి లోతుగా కోసి ఉంటుంది. బోయ్ కంపెనీ సూదుల్లో తల గుండ్రంగా ఉండి, మెడ సన్నబడి కాడలో కలుస్తుంది. మొదటి రకం దారాన్ని వదలకుండా పట్టుకుంటుంది, రెండోది లూపులోంచి సులువుగా జారి వస్తుంది. సూదిని తక్కువ తిప్పేవాళ్లకు లోతైన గాడి సాయపడుతుందని, వేళ్లతో బాగా తిప్పేవాళ్లకు గుండ్రటి తల నచ్చుతుందని అల్లేవాళ్లు అంటుంటారు. ఇది అనుభవం మీద చెప్పే మాటే తప్ప నియమం కాదు. బొటనవేలు ఆనే చోటు మాత్రం పట్టును నిజంగానే ప్రభావితం చేస్తుంది. ఆ చదును తలకు మరీ దగ్గరగా ఉంటే కత్తి పట్టులో చూపుడువేలు లూపుల మీదికి వచ్చి అడ్డుపడుతుంది.

కలం పట్టు

బొటనవేలు, చూపుడువేలు చదును దగ్గర కలుస్తాయి. మధ్యవేలు కింది నుంచి ఆనిస్తుంది. పిడి ఈ రెండు వేళ్ల నడుమ ఉన్న చర్మపు మడత మీదుగా పైకి వాలి, చేతి వెనకవైపుకు పోతుంది. ఉంగరపువేలు, చిటికెనవేలు లోపలికి ముడిచి ఉంటాయి, లేదా అల్లుతున్న బట్టకు తాకుతూ దాన్ని నిలకడగా ఉంచుతాయి.

ఈ పట్టు బలం తిప్పడంలో ఉంది. దారం అందుకున్నాక కొక్కెం నోరు కాస్త కిందికి తిరగాలి, లేకపోతే లూపులోంచి వచ్చేటప్పుడు అంచుకు తగులుకుంటుంది. కలం పట్టులో బొటనవేలు, చూపుడువేలు సూదిని తమ మధ్యే దొర్లిస్తాయి. మణికట్టు దాదాపు కదలదు. సూది ఎంత సన్నగా ఉంటే ఈ దొర్లింపు అంత సులువు. లేసు పనిలో కదలిక దూరం చాలా తక్కువ. అంత చిన్న దూరాన్ని మోచేతితో కొలవడం కష్టం, వేలికొనలతో తేలిక. అల్లుతున్న కుట్టు పూర్తిగా కనిపించడం ఇంకో లాభం. సూది మీద చెయ్యి కప్పుకుని ఉండదు కాబట్టి కన్ను నేరుగా కొక్కెం కొన మీద ఉంటుంది.

ఇబ్బంది లావు దారంతో వస్తుంది. పది మిల్లీమీటర్ల సూదిని రెండు వేళ్ల కొనలతో దొర్లించడం, బరువైన ఊలును వాటితోనే లాగడం బొటనవేలి మొదట్లో ఉన్న కీలుకు శ్రమ. దుప్పటి లాంటి పెద్ద పని చేస్తున్నప్పుడు, ఒళ్లోకి పెరుగుతున్న బట్ట బరువు కూడా ఆ వేళ్ల మీదే పడుతుంది. అప్పుడు బట్టను బల్ల మీదో దిండు మీదో ఆనించుకోవడం మంచిది.

కత్తి పట్టు

ఇందులో అరచెయ్యి కిందికి తిరిగి సూదిని పైనుంచి కప్పుతుంది. పిడి అరచేతిలో, చివరి మూడు వేళ్ల పట్టులో ఉంటుంది. బొటనవేలు పక్కనుంచి, మధ్యవేలు అటు నుంచి ఆనిస్తాయి. చూపుడువేలు కాడ మీద చాచి ఉంటుంది. దాని కొన ఎంతసేపూ తలకు దగ్గరగా ఉండి, మొదటి లూపు జారిపోకుండా తేలిగ్గా నొక్కి పడుతుంది.

తిప్పే పని ఇక్కడ ముంజేతిది. అరచెయ్యి కొంచెం లోపలికి, కొంచెం బయటికి ఒరుగుతుంది. ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదాని చుట్టూ ఒకటి కదిలితే సూది తిరుగుతుంది. లాగడం మోచేతి నుంచి, కొంత భుజం నుంచి వస్తుంది. పెద్ద కండరాలు పని పంచుకుంటాయి కాబట్టి గట్టి నూలు, జనపనార తాడు, పాత టీషర్టులు చీల్చి తీసిన పీలికలు వంటి మొండి సరుకుతో అల్లేటప్పుడు ఈ పట్టు బాగా నిలబడుతుంది. బుట్టలు, చాపలు, సంచులు అల్లేవాళ్లలో చాలామంది తెలియకుండానే దీనికి మారిపోతారు.

లండన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త జాన్ నేపియర్ 1956లో మనిషి చేతి పట్లను రెండు జాతులుగా విభజించాడు: వస్తువును అరచేతికి అదిమి పట్టే బలప్రధానమైన పట్టు, వేలికొనల మధ్య నిలిపే నేర్పుప్రధానమైన పట్టు. కలం పట్టు స్పష్టంగా రెండో జాతికి చెందుతుంది. కత్తి పట్టు పూర్తిగా మొదటిది అనలేం. పిడిని అరచెయ్యి అదిమినా, చాచిన చూపుడువేలు మాత్రం సూక్ష్మమైన దారి చూపించే పనే చేస్తుంది. ఈ మిశ్రమ స్వభావాన్ని గమనించకుండా కత్తి పట్టును మోటు పట్టు అనడం అన్యాయం. ఈ పట్టుతో సన్నని లేసు అల్లే నేర్పరులున్నారు.

మధ్యేమార్గాలు

నిజమైన చేతుల్లో ఈ రెంటి మధ్యా ఎన్నో మెట్లుంటాయి. పిడిని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ దూర్చి పట్టుకునేవాళ్లున్నారు. కత్తి పట్టులోనే చూపుడువేలు చాచకుండా ముడుచుకునేవాళ్లున్నారు. ఇంకొందరు సూదిని దాదాపు కదపరు. ఎడమచేత్తో బట్టను సూది మీదికి తెచ్చి, దారాన్ని కొక్కెంలోకి అందిస్తారు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా చూసి పట్టుకున్నవాళ్లలో కొంతమంది దారాన్ని సూది ఉన్న చేత్తోనే పట్టి, ప్రతిసారీ కొక్కెం చుట్టూ విసురుతారు. వేగం తగ్గుతుంది గానీ వచ్చిన బట్టలో తేడా చెప్పడం కష్టం.

కొన్ని పనుల్లో మాత్రం పనిముట్టే పట్టును ఎంచుతుంది. ట్యునీషియన్ క్రోషేలో వరుస పొడవునా ఉన్న లూపులన్నీ ఒకేసారి సూది మీదికి ఎక్కుతాయి, తిరుగు వరుసలో ఒక్కొక్కటిగా దిగుతాయి. అందుకు 25 నుంచి 35 సెంటీమీటర్ల పొడవున్న, చివర బిరడా ఉన్న సూది కావాలి. పెద్ద దుప్పట్లకైతే సూది చివర ప్లాస్టిక్ తీగ తగిలిస్తారు. అంత పొడవును, దాని మీది బరువును కలం పట్టులో చేతి వెనక వేలాడదీయడం కుదరదు. దాదాపు అందరూ కత్తి పట్టుకే వస్తారు. బోస్నియాలోనూ స్కాండినేవియాలోనూ స్లిప్ స్టిచ్ అనే కుట్టు ఒక్కదానితోనే టోపీలు, చేతి తొడుగులు అల్లే పాత పద్ధతి ఉంది. దానికి వాడే కొక్కెం గుండ్రంగా కాక చదునుగా, కొననుంచి వెనక్కి వెడల్పవుతూ ఉంటుంది. చదునైన పనిముట్టును వేళ్ల మధ్య దొర్లించలేం కాబట్టి అక్కడ తిప్పడం తక్కువ, తోయడం లాగడం ఎక్కువ.

దారం పట్టిన చెయ్యి

క్రోషే నేర్చుకునేవాళ్ల ధ్యాసంతా సూది మీదే ఉంటుంది. బట్ట తీరును ఎక్కువగా నిర్ణయించేది మాత్రం రెండో చెయ్యి. కుడిచేతి వాటం వాళ్లు దారాన్ని ఎడమ చిటికెనవేలి చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఉంగరపువేలు, మధ్యవేళ్ల కిందుగా తీసి, చూపుడువేలి మీదుగా సూదికి అందించడం బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. చిటికెనవేలు పట్టి ఉంచుతుంది, చూపుడువేలు దారాన్ని ఎత్తి బిగువుగా నిలుపుతుంది, బొటనవేలూ మధ్యవేలూ కలిసి అల్లిన బట్టను సరిగ్గా కుట్టు కింద పట్టుకుంటాయి. చెయ్యి చెమట పట్టే వేసవిలో చిటికెనవేలి చుట్టు బిగుసుకుంటుంది. అప్పుడు చుట్టు తీసేసి వేళ్ల మధ్య పైకీ కిందికీ అల్లి వదిలినా సరిపోతుంది. నున్నటి పట్టు దారానికి రెండు చుట్లు కావాలి. చూపుడువేలికి బదులు మధ్యవేలితో దారం అందించేవాళ్లూ ఉన్నారు.

కుట్టు బిగువు ఈ వేళ్ల మధ్య తేలుతుంది. ఎత్తును నిర్ణయించే సంగతి ఇంకొకటుంది: సూదిని బట్టలో గుచ్చి దారం లాగిన వెంటనే ఆ మొదటి లూపును అల్లేవాళ్లు ఎంత పైకి తీస్తారన్నది. కొందరు కిందికి గట్టిగా గుంజుతారు, కుట్టు పొట్టిగా వస్తుంది. కొందరు సూదిని పైకెత్తుతారు, కుట్టు పొడవవుతుంది. కొందరు లూపును కాడ మీద ఉన్నచోటే ఉండనిస్తారు. అదే సూది, అదే దారం, అదే డిజైను తీసుకుని ఇద్దరు అల్లితే, పది సెంటీమీటర్ల చదరంలో వరుసల లెక్క వేరుగా వచ్చేది ఇందుకే. వెడల్పు తేడా వస్తే సూది సైజు మార్చి సర్దుకోవచ్చు. ఎత్తు తేడా సూది మార్చితే పూర్తిగా పోదు. లూపు లాగే అలవాటును చూసుకోవాలి. పట్టు మార్చిన కొత్తలో కుట్టు వదులైందనిపించడానికి కారణం కూడా సాధారణంగా ఇదే. కొత్త పట్టులో చెయ్యి లూపును ఎంత లాగాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. కొన్ని వరుసలు నడిచాక అది పాత కొలతకు వస్తుంది.

దారాన్ని కొక్కెం మీదుగా చుట్టడమా, కొక్కెంతో పైనుంచి నొక్కి లాక్కోవడమా అన్నది కూడా చూడాల్సిందే. మొదటిది చేస్తే సింగిల్ క్రోషే కుట్టు ముందువైపు ఆంగ్ల అక్షరం వీలా, రెండోది చేస్తే ఎక్స్‌లా కనిపిస్తుంది. బొమ్మలు అల్లేవాళ్లు రెండోదాన్ని కావాలనే ఎంచుకుంటారు, బట్ట బిగువుగా వచ్చి లోపలి దూది బయటికి కనబడదు.

చరిత్రలో పట్టు

క్రోషే పుట్టుకపై ఒక ప్రబలమైన వాదన దాన్ని తాంబూర్ అనే కుట్టుపనికి ముడిపెడుతుంది. చట్రానికి బిగించిన బట్టలో కొక్కెం సూదిని పైనుంచి గుచ్చి, కింద పట్టుకున్న దారాన్ని గొలుసులా పైకి లాగే ఈ పని తూర్పు దేశాల నుంచి 18వ శతాబ్దంలో యూరప్ చేరింది. మన దగ్గర మగ్గం వర్క్ చేసేవాళ్లు ఆరీ సూదితో చేసేది ఇదే. ఆరీ సూదిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్లతో నిటారుగా పట్టుకుంటారు. గుచ్చాక వేళ్లతోనే తిప్పుతారు. బట్ట లేకుండా గొలుసును గాలిలోనే అల్లడం మొదలయ్యాక క్రోషే వచ్చిందనుకుంటే, కలం పట్టు ఆ పాత చేతి అలవాటు కొనసాగింపు కావచ్చు. ఇంకోవైపు 19వ శతాబ్దం తొలినాళ్లలో స్కాట్లండ్ పల్లెల్లో చదును కొక్కెంతో మందపాటి ఊలును అల్లే పద్ధతి ఉండేది. దానికి తాంబూర్ సుకుమారం అక్కర్లేదు. రెండు పట్లకు రెండు వేర్వేరు మూలాలు ఉండే వీలు లేకపోలేదు.

క్రోషే డిజైన్లు అచ్చులో కనిపించడం 1820ల్లో, డచ్ పత్రిక పెనెలొపేతో మొదలైంది. 1846లో ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్దియేర్ పుస్తకం వచ్చాక ఇంగ్లండులో ఇది ఇళ్లలోకి పాకింది. సరిగ్గా అదే కాలంలో ఐర్లండును బంగాళదుంప తెగులు కరువులో ముంచింది. సన్యాసినుల మఠాలు, చర్చి కుటుంబాలు పేద స్త్రీలకు లేసు క్రోషే నేర్పాయి. క్లోన్స్ ఊళ్లో పాస్టరు భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో మొదలుపెట్టిన కేంద్రం వాటిలో పేరుపొందినది. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, బట్ట మీద పిన్నులతో అమర్చి, మధ్యలో సన్నని వల అల్లి కలిపే ఐరిష్ లేసు నూలు చాలా సన్ననిది, అక్కడ వేలికొనల పనే ఎక్కువమందికి సులువు. తెరేజ్ ద దిల్మోం 1886లో ప్రచురించిన కుట్టుపని విజ్ఞాన సర్వస్వంలోనూ క్రోషే అధ్యాయం చేతులు ఎలా ఉంచాలో బొమ్మతో వివరిస్తుంది.

కలం పట్టుకు దొరికిన గౌరవంలో పని అవసరం కొంత, సమాజపు చూపు కొంత ఉన్నాయి. అల్లిక చరిత్ర రాసిన రిచర్డ్ రట్ 1987 నాటి తన పుస్తకంలో, విక్టోరియా కాలపు సంపన్న గృహిణులు స్వెట్టరు సూదులను పెన్నులా పట్టుకోవడం అందం కోసమేనని, వేగంగా అల్లి బతికే పనివాళ్ల పట్టు వేరని చూపించాడు. క్రోషేలో కూడా ‘ఇలా పట్టుకుంటే ముచ్చటగా ఉంటుంది’ అన్న మాట ఆ కాలపు నీడేనని నమ్మడానికి ఆస్కారముంది. 20వ శతాబ్దంలో తేలికైన అల్యూమినియం సూదులు, లావు ఊలు, దుప్పట్లు వచ్చాక కత్తి పట్టు పుస్తకాల్లో సమాన స్థానం సంపాదించింది. ఇప్పుడు నేర్పే పుస్తకాలు చాలావరకు రెండు బొమ్మలూ పక్కపక్కన వేస్తున్నాయి.

నరసాపురం లేసు

తెలుగు నేలపై క్రోషే అంటే నరసాపురమే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఈ పని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేల ఇళ్లలో స్త్రీల చేతిపనిగా స్థిరపడి, విదేశాలకు ఎగుమతి అవుతూ వచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడా పని ముక్కలుగా సాగుతుంది: ఒకరు పువ్వులు అల్లితే, మరొకరు అతుకుపని చేసి వాటిని టేబులు గుడ్డగానో కర్టెనుగానో కలుపుతారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన నరసాపురం లేసు స్త్రీల అధ్యయనం, ఇంటిచాకిరీ మధ్య గంటల తరబడి సాగే ఈ పనికి దక్కే కూలి ఎంత తక్కువో లోకానికి చెప్పింది.

పట్టు విషయంలో నరసాపురాన్ని ప్రస్తావించడానికి కారణముంది. ముక్కకు ఇంత అని కూలి లెక్కగట్టేచోట చెయ్యి నొప్పి పుడితే ఆ రోజు సంపాదన ఆగుతుంది. సరదాకు అల్లేవాళ్ల కోసం జపాన్‌లో క్లోవర్, ట్యూలిప్ కంపెనీలు మెత్తని రబ్బరు పిడి ఉన్న సూదులు తయారుచేస్తున్నాయి. రోజంతా అల్లి బతికేవాళ్లకు అవి ఇంకా ఎక్కువ అవసరం. లేసు పని మీద ఖర్చుపెట్టే ఏ పథకమైనా డిజైన్లతో పాటు పనిముట్టు పిడిని కూడా పట్టించుకోవాలి.

చేతికి వచ్చే ఇబ్బందులు

సన్నని పిడిని జారకుండా పట్టడానికి వేళ్లు ఎక్కువ బలంతో నొక్కాలి. ఒక మిల్లీమీటరు ఉక్కు సూదితో కష్టం లావు సూదికన్నా త్వరగా తెలిసేది అందుకే. కలం పట్టులో ఆ ఒత్తిడి బొటనవేలి మొదట్లో చేరుతుంది. మణికట్టు పక్కన, బొటనవేలివైపు స్నాయువుల పొర వాచే జబ్బును స్విస్ వైద్యుడు ఫ్రిట్జ్ ద కెర్వాన్ 1895లో వర్ణించాడు. ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. కత్తి పట్టులో బొటనవేలికి ఊరట దొరుకుతుంది గానీ, పదేపదే ఒరిగే ముంజేయి మోచేతి బయటివైపు నొప్పిగా బాకీ తీర్చుకోవచ్చు. ఏ పట్టులోనైనా మణికట్టును వంచి ఉంచి గంటలు గడిపితే దాని లోపలి సొరంగంలో నడిచే నాడి నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, ముఖ్యంగా రాత్రిపూట. అలా తరచూ జరిగితే వైద్యుణ్ణి కలవాలి. పట్టు మార్చడం చికిత్స కాదు.

రాకుండా చూసుకోవడానికి మాత్రం పట్టు మార్చడం పనికొస్తుంది. కలం పట్టు, కత్తి పట్టు వేర్వేరు కండరాలను వాడతాయి కాబట్టి రెండూ వచ్చినవాళ్లు ఒకటి అలిసినప్పుడు రెండోదానికి మారి మొదటిదానికి విశ్రాంతి ఇవ్వగలరు. మోచేయిని దిండు మీద ఆనించడం, సన్నని పిడికి బట్ట చుట్టో రబ్బరు తొడుగు వేసో లావు చేయడం, అరగంటకోసారి వేళ్లు చాచడం ఖర్చులేని ఉపాయాలు. కొత్త పట్టును మొదట సన్న లేసుతో కాక మధ్యరకం ఊలుతో, నాలుగైదు మిల్లీమీటర్ల సూదితో సాధన చేస్తే చెయ్యి త్వరగా అలవాటు పడుతుంది.

ఎడమచేతి వాటం

ఎడమచేతి వాళ్లు సూదిని ఎడమచేత్తో, దారాన్ని కుడిచేత్తో పట్టుకుంటారు. రెండు పట్లూ అద్దంలో బొమ్మలా తిరగబడతాయి తప్ప వేళ్ల పని మారదు. వరుస ఎడమనుంచి కుడికి నడుస్తుంది, గుండ్రంగా అల్లితే పని గడియారం ముళ్ల దిశలో సాగుతుంది. మాటల్లో రాసిన సూచనలు చాలావరకు వాళ్లకూ యథాతథంగా పనికొస్తాయి. గళ్ల బొమ్మలను మాత్రం తిరగేసి చదవాలి, లేకపోతే అల్లిన అక్షరాలు తలకిందులుగా కాదు గానీ వెనక్కి తిరిగి వస్తాయి. పిల్లల ఎడమచేతిని కుడికి మార్పించే పాత అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అలా మార్పించి క్రోషే నేర్పడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. దారం బిగువు చెడి, పని మీద ఆసక్తి పోవడమే మిగులుతుంది. కుడిచేతి గురువు పక్కన కాక ఎదురుగా కూర్చోబెట్టుకుంటే చాలు: ఎడమచేతి పిల్లకు గురువు చేతులు తన చేతుల్లాగే కనిపిస్తాయి, ప్రతి కదలికనూ ఉన్నదున్నట్టు చూసి చేసుకుపోతుంది.